పైనుంచే దిగాడు

క్రేను నిచ్చెన సగం ఎక్కి గద్ద ఆగాడు. ఆయాసం వల్ల కాదు. అక్కడ ఆగి ఓడరేవంతా ఒకసారి కలియజూడటం అతనికి అలవాటు. క్రేను కేబిన్‌లో కూర్చుంటే నేలమీద పడ్డ మేకు కూడా కనిపిస్తుందని తోటివాళ్లు అతనికి పెట్టిన పేరది. ఈ రోజుతో అతని ఉద్యోగం ముగుస్తుంది.

భార్య పోయాక అతనికి నిద్ర పట్టడం మానేసింది. నిద్రమాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో దీపం ఆర్పినట్టు నిద్ర వచ్చేది. తర్వాత ఒకటి చాలలేదు. తెల్లారి లేచినా తలనిండా తడి దూది కూరినట్టుండేది. అన్నం తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. కన్ను చూసినదాన్ని చెయ్యి ఆలస్యంగా అందుకునేది.

ఒక పొద్దున లివర్ ఆపాల్సిన క్షణంలో చెయ్యి ఆపలేదు. ఇనుప దూలాల కట్ట, నేలమీద సిగ్నల్ ఇస్తున్న బావమరిది తలను రాసుకుంటూ పోయింది. ఇంకెవరూ చూడలేదు.

"గాలికి ఊగింది బావా, వదిలెయ్," అన్నాడు బావమరిది వాకీటాకీలో, పాలిపోయిన మొహంతోనే నవ్వుతూ.

"గాలెక్కడుందిరా? నా చెయ్యే నా మాట వినట్లేదు."

గద్ద దిగి, నేరుగా సూపర్‌వైజరు దగ్గరికెళ్లి జరిగింది తనే చెప్పేశాడు. అతన్ని క్రేను నుంచి తప్పించారు. అప్పటినుంచి గోదాములో తాళ్లు చుట్టాడు. తల మాత్రం దించుకోలేదు.

పౌరుషం కొద్దీ మాత్రలన్నీ ఒక్కసారే పారేశాడు. ఒళ్లంతా చెమటలు, వణుకు, చర్మం కింద చీమలు పాకినట్టు. డాక్టరమ్మ కేకలేసింది. "అలా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. నెమ్మదిగా మెట్టు మెట్టూ దిగాలి."

"దిగడం నాకు తెలుసమ్మా. నిచ్చెన మీద బతికినవాణ్ణి."

ఆమె చెప్పినట్టే, మాత్రను సగం, సగంలో సగం చేసుకుంటూ నెలల తరబడి దిగాడు. "రిటైరయ్యే వయసులో ఎందుకీ అవస్థ?" అని ఎవరైనా అడిగితే, "పోతే క్రేను పైనుంచే దిగిపోతా," అనేవాడు. చివరికి పరీక్షలు చేసి, కేబిన్ తాళంచెవి మళ్లీ అతని చేతిలో పెట్టారు.

ఈ రోజు ఆఖరి బరువు, ఒక పెద్ద జనరేటరు. ఓడలోంచి లేపి లారీ మీద దించాలి.

"బావా, నా తల ఇక్కడే ఉంది, చూసుకో!" వాకీటాకీలో బావమరిది గొంతు.

"అందులో జాగ్రత్తపడటానికి ఏముందిరా!"

ఆ దూలాల నాటినుంచీ ఎవరు క్రేను నడిపినా ఓ అడుగు వెనక్కి నిలబడే బావమరిది, ఈ పూట తన పాత చోట్లోనే నిలబడ్డాడు. గద్ద అది చూశాడు. జనరేటరు పసిబిడ్డను పక్కమీద వేసినట్టు లారీమీద వాలింది. లివర్ మీది వేళ్లను చూసుకున్నాడు. ఒక్కటీ వణకలేదు.

సైరను మోగింది. ఎక్కినంత నింపాదిగా దిగాడు. గేటు దాకా బావమరిది తోడొచ్చాడు.

"ఇంటికెళ్లి ఏం చేస్తావు బావా?"

"పడుకుంటా," అన్నాడు గద్ద, గొప్పగా.

వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు. పైన కేబిన్‌లో, సీటు మీద భార్య కుట్టిచ్చిన చిన్న దూది దిండు ఉండిపోయింది, మధ్యలో అతను కూర్చున్నంత మేర గుంటతో.