ఆమె ఫోనులో ఆయన అడుగులు

“నీ ఫొటోలు కాసిని తీసిపారెయ్, జాగా అదే వస్తుంది,” అన్నాడు భర్త ఆఫీసు నుంచి ఫోనులో.

ఏడాదిగా ఆమె చేస్తున్నది అదే. కుట్టిన ప్రతి పరదాకూ ఫొటో తీసుకోవడం, ఫోను నిండిందనగానే వాటిని చెరిపేయడం. తోడినకొద్దీ ఊరే చెలమలా వారం తిరిగేసరికి మళ్ళీ నిండేది.

ఈరోజు ఒక లాడ్జి మేనేజరు నాలుగింటిలోపు పన్నెండు రకాల పరదాలూ వీడియో తీసి పంపమన్నాడు. నచ్చితే గదులన్నిటికీ ఆమె పరదాలే. ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి. అప్పుడే మూడున్నర. చెరపడానికి ఇంక నాలుగు ఫొటోలే మిగిలాయి.

మన సరుకు తగ్గుతున్నా గోడౌను నిండుతోందంటే, ఎవరో మన తాళంతోనే తమ బస్తాలు దించుతున్నట్టు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక్కో యాప్‌నూ విప్పి చూసింది. అత్తగారి చెవి మిషనుది చిన్నదే. భర్త చేతి గడియారానిది పైకి గోరంత. దాని కింద ‘డేటా’ అని ఇంకో వరస. నొక్కితే కొండంత. మూడేళ్ళుగా ఆయన నడిచిన అడుగులు, నిద్రపోయిన గంటలు, గుండె కొట్టుకున్న లెక్క, అన్నీ అందులోనే. సాయంత్రం ఆయన గడప దాటి లోపలికి రాగానే ఆ గడియారం రోజు బరువంతా ఇక్కడే దించేది. “నాది ఆఫీసు ఫోను, బరువెక్కకూడదు. నువ్వు ఇంట్లోనేగా ఉండేది,” అంటూ ఆయనే ఎక్కించిన యాప్ అది. ఆమె ఫొటోలు ఖాళీ చేసిన చోటల్లా ఆయన అడుగులు పరుచుకున్నాయి.

మళ్ళీ ఫోన్ చేసింది. “ఏమండీ, మీ గడియారం యాప్ తీసేస్తున్నాను.”

“పిచ్చా నీకు? మూడేళ్ళ రికార్డు! ఒక్కరోజు తప్పలేదు నేను!”

“నా పరదాల ఫొటోలూ పోయాయిగా.”

“పరదాలు మళ్ళీ కుట్టుకోవచ్చే. నడిచిన నడక మళ్ళీ వస్తుందా? ఆదివారం తీరిగ్గా నేను చూస్తాలే. అందాకా ముట్టుకోకు.”

పక్కగదిలోంచి అత్తగారు కేకేసింది. “పనిలో ఉన్నవాణ్ణి ఎందుకే విసిగిస్తావు? ముందు నా చెవి మిషను సౌండు కాస్త పెంచు. మీ మాటలు సగమే వినపడుతున్నాయి!”

“పెంచాను, అత్తయ్యా.”

మూడూ నలభై అయిదు. ఆమె గడియారం యాప్ మీద వేలు అదిమి పట్టుకుంది. ‘ఈ సమాచారం మొత్తం శాశ్వతంగా పోతుంది. మీకు సమ్మతమేనా?’ అని అడిగింది ఫోను.

ఆ ఇంట్లో ఏ పనికైనా ముందు ఆమె సమ్మతం అడిగింది అదొక్కటే. ‘అవును’ అని నొక్కి, మొదటి పరదా తీసి కిటికీకి తగిలించింది.