బావికి వేసిన తాళం

మా ఊళ్ళో తెలివితక్కువ పనులు చేసేవాళ్ళకు కొదవ లేదు గానీ, ఊరంతా కలిసి ఒకే తెలివితక్కువ పని చేయడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను. కుర్రాడు పోయింది క్వారీ గుంతలో. తాళం వేసింది మెట్లబావికి!

మాది మాచర్ల దగ్గర నాపరాయి క్వారీల మధ్య ఊరు. రాయి తీసి వదిలేసిన గుంతల్లో ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. నిటారు గోడలు, మెట్టు లేదు, చేతికి పట్టు దొరకదు. రెండేళ్ళ క్రితం ధనలక్ష్మి వదిన కొడుకు ఆనంద్, పదకొండేళ్ళవాడు, అందులో జారిపడి మునిగిపోయాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. ఏడ్చి ఊరుకుంటే ఎలా, ఏదో ఒకటి చేశామనిపించుకోవాలి కదా! గుంత కాంట్రాక్టరుది, దాని జోలికి పోలేరు. బావి ఊరిది. అందుకని సర్పంచి పుల్లారావు బాబాయ్ బావి మెట్లకు ఇనుప జాలీ తలుపు పెట్టించి తాళం వేయించాడు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. నడి ఎండాకాలంలోనూ నిలువు లోతు నీళ్ళుండే బావి అది. తాతల కాలం నుంచి ఊళ్ళో అందరూ నడుముకు ఎండు మునగ బెండ్లు కట్టుకుని అందులోనే ఈత నేర్చుకున్నారు. ఆడపిల్లనైనా నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఆ తర్వాత క్వారీ పనుల్లో పడి పిల్లలకు నేర్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

నేను కోటేశ్వరిని, క్వారీలో రాయి కొట్టే ఏడుకొండలు కూతుర్ని. గుంటూరు వైపు యూనివర్సిటీలో పిల్లల హక్కుల మీద పరిశోధన చేస్తున్నాను. ప్రమాదం అంటే పెద్దలు ఏమనుకుంటారు, పిల్లలు ఏమనుకుంటారు అన్నది నేను ఎంచుకున్న విషయం. పిల్లల సంగతి పెద్దల్ని అడిగి రాయొద్దు, పిల్లల్నే అడగమని మా గైడు ఫాతిమా మేడమ్ పదే పదే చెబుతుంది. ఆ పని మీదే వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మ నాగులమ్మది ఒకటే పాట.

"పిల్లల్ని అడిగేదేందే? అన్నం తిన్నారా అని అడుగు, చాలు."

ఒకరోజు మధ్యాహ్నం మా అన్న కూతురు ధరణి పెరటి వైపు నుంచి పిల్లిలా ఇంట్లోకి వచ్చింది. ఐదో తరగతి అప్పుడే అయిపోయింది దానికి. జడ తడిగా ఉంది. ఆరినచోట తెల్లగా రాతి పొడి అంటుకుని ఉంది. ఆ తెలుపు ఎక్కడిదో మా ఇళ్ళల్లో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏమే, క్వారీ గుంతకి పోయావా?" దాని చెవి పట్టుకున్నాను.

"అబ్బా, వదులత్తా! నేనొక్కదాన్నే కాదు, అందరం పోయాం. ఊరికే కాళ్ళు పెట్టాం, అంతే."

"కాళ్ళు పెడితే జడెట్టా తడిసిందే?"

అది జడ వీపు వెనక్కి దాచుకుంది.

"ఆనంద్ సంగతి మర్చిపోయావా? నీకు భయం లేదా?"

"ఉంది. చానా ఉంది. అందుకే ఈత నేర్చుకుందామని పోయాం. బావికి తాళమేశారుగా, ఇంక యాడ నేర్చుకోమంటావు?"

చెవి వదిలేశాను. ఒళ్ళంతా మండిపోయింది, దాని మీద కాదు. కాళ్ళకు చెప్పులేసుకుని నేరుగా పుల్లారావు బాబాయ్ ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో నిలబడి మిర్చి బస్తాలు, టిక్కీలంటాం మేం, లారీకెత్తిస్తున్నాడు.

"బాబాయ్, బావి తాళం తియ్యండి. పిల్లలు గుంతకి పోతన్నారు."

"నీకు చదువెక్కువైందమ్మాయ్. రేపు ఎవడన్నా బావిలో పడితే పేపరోళ్ళు నీ పేరు రాస్తారా, నా పేరు రాస్తారా?"

"గుంతలో పడితేనో?"

"అది కాంట్రాక్టరు పేరు."

"ఛీ, ఇదేం లెక్క బాబాయ్! పోయేది మన పిల్లలు కాదా?"

ఆయన మొహం ఎర్రబడింది. పైకండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ధనలక్ష్మి మొహం చూళ్ళేక వేసిన తాళమే అది. ఆమెను ఒప్పించుకునిరా. సరేనంటే ఈ క్షణాన తాళంచెవి ఇస్తా."

కడుపుకోత పడ్డ తల్లిని ఆ మాట ఎవరడుగుతారులే అన్న ధీమా ఆయనది. నిజమే, నాకూ ఆ గడప తొక్కే ధైర్యం లేదు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. సంగతి విని ధరణి వెంటనే లేచింది.

"మేమడుగుతాం అత్తా."

"నోర్ముయ్. పిల్లలు అడిగే మాట కాదది."

అన్నది ఎవరో కాదు, నేనే! పిల్లలకు నోరు విప్పే హక్కుందని ఊరూరా చెప్పబోతున్న నేనే. ధరణి నా మాట వింటే కదా. మర్నాడు పొద్దున లేచేసరికి మంచం ఖాళీ.

పరుగు పరుగున పోయేసరికి ధనలక్ష్మి వదిన గడప ముందు కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా ధరణి. దాని వెనక అరడజను మంది పిల్లలు. వాళ్ళ చాటున నక్కి నిలబడింది సాక్షాత్తూ పుల్లారావు బాబాయ్ మనవడు వెంకటేష్.

"పెద్దమ్మా," అంటోంది ధరణి, "ఆనందన్న పడ్డప్పుడు గట్టు మీద నేనూ ఉన్నా. నాకు ఈత రాదు. ఎవరికీ రాదు. అరిచాం, అంతే. బావిలో ఈత నేర్చుకుంటాం పెద్దమ్మా, నువ్వు సరేనంటే తాళం తీస్తారంట."

వదిన చెయ్యి ఆగిపోయింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. కారం చేతులు కదా, తుడుచుకోలేదు.

"రెండేళ్ళ నుంచి అందరూ వచ్చి ఓదార్చిపోయారు," అంది చివరికి. "ఈ మాట నన్ను ఒక్కళ్ళూ అడగలా."

లేచింది. ఆ కారం చేతులతోనే బయల్దేరింది. ముందు ఆమె, వెనక పిల్లలు, ఆ వెనక నేను. దారి పొడుగునా జనం ఇళ్ళల్లోంచి బయటికొచ్చి చూశారు. వదిన పుల్లారావు బాబాయ్ వాకిట్లోకి పోయి నిలబడింది.

"నా కొడుకు పోయింది గుంతలో. నా కొడుకు పేరు చెప్పి మీరు బావికి తాళమేశారు. వాడికి ఈతొచ్చుంటే బతికేవాడు. తియ్యి మావా ఆ తాళం! ఆ తలుపు పీకి గుంత దారికి పెట్టించు."

ఆయన లోపలికి పోయి తాళంచెవి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. పిల్లలు పెట్టిన కేకకు టిక్కీల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

చెప్పొద్దూ, పుల్లారావు బాబాయ్ తన ట్రాక్టరు మీదే ఆ జాలీ తలుపు తీసుకుపోయి గుంత దారికి బిగించాడు. అడ్డొచ్చిన కాంట్రాక్టరు మనిషిని ఆయన తిట్టిన తిట్లు మాత్రం నా పరిశోధనలో రాయలేను.

మర్నాటి నుంచి బావిలో నా బడి మొదలైంది. పిల్లల నడుములకు బెండ్లు కట్టాను, తాడు ఒక కొస నా చేతిలో పెట్టుకున్నాను. మా దేవిక వదిన, ధరణి తల్లి, మెట్ల మీద నిలబడి ఒకటే శాపనార్థాలు. "దానికేమన్నా అయితే నీ అంతు చూస్తా కోటీ!" అంటూనే తాడు కొస తనూ పట్టుకునేది. ధనలక్ష్మి వదిన కింది మెట్టు మీద కూర్చుని పిల్లల మీద నుంచి చూపు తిప్పేది కాదు.

సెలవులు అయిపోవస్తుండగా ధరణి బెండ్లు విప్పేసింది. తాడూ విప్పమంది. ఊరు సగం బావి గట్టు మీదే ఉంది. దేవిక వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల దూకింది. మునిగింది. ఒక్క క్షణం నీళ్ళ మీద ఏమీ లేదు. తేలింది! చేతులు బారలు చాచి, నోటితో నీళ్ళు ఉమ్మేస్తూ, అడ్డంగా ఈదుకుంటూ పోయి అవతలి గోడ తాకింది. తిరిగొచ్చి ధనలక్ష్మి వదిన కాళ్ళ దగ్గర మెట్టు పట్టుకుంది.

గట్టంతా ఈలలు, కేకలు. వదిన ధరణిని చంకల కింద పట్టి పైకి లాగి, తడిపిల్లను అట్లాగే గుండెకు హత్తుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"ఈ పిల్లను ఇంక ఏ గుంతా మింగలేదే కోటీ!" అని అరిచింది. తర్వాత తలెత్తి పైకి చూసింది. "ఊఁ, తర్వాత ఎవర్రా?"

గట్టు మీద పుల్లారావు బాబాయ్ వంగి, తన మనవడి చొక్కా గుండీలు తనే విప్పుతున్నాడు.