మా ఇంట్లో రెండు ఓట్లు

నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన నా ఓటు వేసేశారు.

శనివారం సాయంత్రం. సింకు నిండా ఇడ్లీ రేకులు, కుక్కరు, మాడిన మూకుడు. డిష్‌వాషర్ ఉంది. కానీ ఇడ్లీ రేకులు అందులో సరిగ్గా తెల్లబడవని మా అత్తయ్య వేదవతి గారి నమ్మకం, ఆ నమ్మకాన్ని చేతుల్తో తోమి నిలబెట్టాల్సింది నేను. నా వెనక డైనింగ్ టేబుల్ దగ్గర మా ఆయన సాయినాథ్ పోస్టులో వచ్చిన రెండు కవర్లు ముందేసుకుని కూర్చున్నారు. ఇక్కడ న్యూజిలాండ్‌లో ఊరి ఎన్నికలకి మనకున్నట్టు పోలింగ్ బూత్‌లూ, క్యూలూ, వేలి మీద సిరా ఉండవు. ఓటు కాగితం ఇంటికే వస్తుంది. తీరిగ్గా చూసుకుని టిక్కులు పెట్టి, వాళ్లిచ్చిన కవర్లోనే పెట్టి, సూపర్‌మార్కెట్ ముందున్న ఆరెంజ్ రంగు డబ్బాలో పడేస్తే సరిపోతుంది. ఎవరిది వాళ్లే వేసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు కదా. మా ఇంట్లో చెప్పాల్సి వచ్చింది.

“నీదీ అయిపోయింది నిరూ” అన్నారు, కవరు అంచు వేలితో నొక్కుతూ.

“ఏది?”

“ఓటు.”

చేతులకి సబ్బు కారుతుంటే అలాగే వెనక్కి తిరిగాను. “అదేంటండీ, నేను చూడనే లేదు కదా.”

“చూడ్డానికేముందీ, పేర్లే కదా. నువ్వు పనిలో ఉన్నావని నేనే చేసేశా.”

ఆ మొహం చూడాలి. ఎంతో సాయం చేసినట్టు, ఇంకా థాంక్స్ చెప్పలేదేమా అన్నట్టు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా బదులు ఒక్క మూకుడు తోమిన మనిషి కాదు. నా బదులు చెయ్యడానికి ఆయనకి దొరికింది ఇదొక్కటి. ఒళ్లు మండింది. కానీ హాల్లో అత్తయ్య సీరియల్ చూస్తున్నారు, ఆవిడ ముందు గొంతు పెంచకూడదని మా ఇంటి రూలు. ఆ రూలు ఆయనకి లేదు. మళ్లీ కొళాయి తిప్పుకున్నాను.

ఈ ఓటు నాకెందుకంత ముఖ్యమో చెప్తాను. ఆక్లాండ్‌లో మేముండే హెండర్సన్ పేటలో, మా ఇంటికి దగ్గర్లోనే ఒక కమ్యూనిటీ హాలుంది, దాని వెనక ఒక పెద్ద గది. వారంలో మూడ్రోజులు నేనక్కడ పసిపిల్లల్ని చూసుకుంటాను. ఆంధ్రా యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చేసినదాన్ని ముక్కులు తుడుస్తున్నానని మా చుట్టాలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆఫీసులు కడిగి వచ్చే టోంగా అమ్మాయి, చదువుకుంటున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి, మొగుడు వదిలేసిన మన గుంటూరు పిల్ల, వీళ్లంతా బిడ్డల్ని నా చేతుల్లో పెట్టి పనులకి పోతారు. వేరేచోట పెట్టుకునే స్తోమత వాళ్లకి లేదు. ఈసారి నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఇంటి పన్నులు పెరగకుండా ఆ హాలుని జిమ్ముకో దేనికో అద్దెకిచ్చేస్తామంటున్నారు. గది ఉండాల్సిందేనని గట్టిగా అంటున్నది ఒక్కావిడే, రిటైరైన కిండర్‌గార్టెన్ టీచరు. క్రితంసారి కొద్దిలో ఓడిపోయింది. ఆవిడకి వేద్దామని, కాగితం ఎప్పుడొస్తుందా అని రోజూ లెటర్‌బాక్స్ చూస్తూనే ఉన్నాను. వచ్చిన రోజు మాత్రం ఇడ్లీకి పప్పు నానబోసుకుంటున్నాను.

వీటన్నిటికంటే మండించేది ఇంకొకటుంది. మా ఆయన అభ్యుదయవాది. నేను వెక్కిరించడం లేదు, ఆక్లాండ్ తెలుగువాళ్లలో ఆయనకి ఆ పేరే ఉంది. నెలకోసారి మావాళ్లు జరుపుకునే చర్చావేదికలో ఆయన మాట్లాడతారంటే జనం కాస్త ఎక్కువే వస్తారు. ఈ నెల ఆయన విషయం అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభ్యురాలు, లోర్నా విట్బీ. ఆవిడ పెట్టిన బిల్లులు, ఏ బిల్లుకి ఎటు ఓటేసింది, ఎందుకేసింది, అన్నీ. ప్రసంగం ఆయనది, చదివింది నేను. అన్నం ఉడికేలోపు కొంత, అత్తయ్య కాళ్లకి తైలం రాశాక కొంత, ఆ సభ రికార్డులన్నీ ఫోన్లో చదివి తెలుగులో రాసిచ్చాను. ముసలివాళ్లని ఇంట్లో చూసుకునే ఆడవాళ్లకి జీతంతో సెలవు కావాలని ఆవిడ కొట్లాడింది. బళ్లో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెట్టాలంది. పిల్లల్ని చూసే కేంద్రాలకి డబ్బు తగ్గిస్తే సొంత పార్టీ మీదే తిరగబడి వ్యతిరేకంగా ఓటేసింది. అది రాస్తున్నప్పుడు నా గది గుర్తొచ్చి కళ్లు తడయ్యాయి. మా ఆయన ఆ కాగితాలు ట్రైన్లో చదువుకుంటూ ఆఫీసుకెళ్లి, సాయంత్రం ఫోన్లో ఎవరితోనో “ఈసారి రీసెర్చ్ కొంచెం డీప్‌గా చేశాను” అన్నారు. నేను పక్కనే చపాతీలు వత్తుతున్నాను.

ఆదివారం పొద్దున్న కాఫీ ఇచ్చి అడిగాను. “ఆ కవరు ఒకసారి ఇవ్వండి. నాది నేను చూసుకుంటాను.”

“అంటించేశాను కదా.”

“ఎవరికి వేశారు?”

“ఇంటి పన్ను పెంచబోమన్నవాళ్లకి. ఇంటి లోను ఎవరు కడతారు, మీ టీచరమ్మా?”

“అది మీది. నా దాంట్లో?”

“ఒకే ఇంట్లో ఉంటూ ఒకటి అటు ఒకటి ఇటు వేస్తే రెండూ దండగే కదా నిరూ. ఎం.ఏ. చదివావు, ఆ మాత్రం తెలీదా?”

“ఆ గది పోతే నా ఉద్యోగం పోతుందండీ.”

“ఉద్యోగమా?” అన్నారు, నిజంగానే ఆశ్చర్యంగా. తర్వాత నవ్వారు. “ఆ మూడ్రోజుల పనా? పోతే ఇంట్లో ఉండొచ్చు హాయిగా. అమ్మకి కూడా తోడు.”

కవరు లాక్కోవచ్చు, చింపెయ్యొచ్చు. లాక్కుంటే ఏమవుతుందో కూడా తెలుసు. అరవరు, కొట్టరు, ఆయన అలాంటి మనిషి కాదు. వారం రోజులు మాట్లాడరు. ఆ వారం అత్తయ్య నా వెనకాలే తిరుగుతూ “వాడు అన్నం సరిగ్గా తినట్లేదే” అంటూ ఉంటారు. ఆ వారానికి భయపడి నేను వదిలేసుకున్నవి ఒకటా రెండా. సోమవారం ఆఫీసుకి పోతూ కవర్లు రెండూ డబ్బాలో వేసేశానని మెసేజ్ పెట్టారు, పక్కన బొటనవేలు బొమ్మతో సహా.

ఆ మెసేజ్ చూసి వంటింట్లో నిలబడి ఏడ్చాను. అత్తయ్య మంచినీళ్ల కోసం వచ్చి చూశారు. సంగతి చెప్తే కొడుకునే వెనకేసుకొస్తారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“మీ మావయ్యగారు కూడా అంతే. ఓటింగు రోజు పొద్దున్నే ఎవరికెయ్యాలో చెప్పి మరీ రిక్షా ఎక్కించేవారు. సరేనండీ అనేదాన్ని.”

“వేసేవారా మరి?”

ఆవిడ హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు, పోయిన మావయ్యగారు అక్కడ కూర్చుని వింటున్నట్టు. “ఎందుకేస్తానే? లోపల అట్ట అడ్డం ఉంటుంది కదా. అక్కడికి ఆయనా రాలేరు, మా అత్తగారూ రాలేరు. ఆ కాసేపూ నేనొక్కదాన్నే. నాకు నచ్చిన గుర్తు మీద గుద్దేసి బయటికొచ్చి, మీరు చెప్పినదానికే వేశానండీ అనేదాన్ని. చచ్చిపోయేదాకా ఆయనకి తెలీదు.”

ఇన్నేళ్లలో మా అత్తయ్య నాకు ఇంత నచ్చింది లేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ప్రపంచంలో ఆడవాళ్లకి మొట్టమొదట ఓటిచ్చిన దేశం ఇదేనని మా ఆయన ప్రతి సభలోనూ చెప్తారు. నిజమే, ఇచ్చింది. డైనింగ్ టేబుల్ మీదకి తెచ్చి ఇచ్చింది. కాకినాడలో అత్తయ్యకి దొరికిన అట్టముక్క ఇక్కడ నాకు లేదు.

“ఏదైనా చెయ్యొచ్చంటారా?” అన్నాను.

చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు. “ఊరుకో అమ్మాయ్. ఇంటి గుట్టు బయటపెడితే మనకే చిన్నతనం.” లేచి గ్లాసు నా సింకులో పెట్టి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఎన్నికల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను, పేరు చెప్పకుండా. కాగితం పోతే ఇంకోటి ఇస్తారట. పోలేదు, డబ్బాలో పడింది, కానీ వేసింది నేను కాదన్నాను. అవతలి అమ్మాయి గొంతు జాగ్రత్తగా మారింది. మీ కాగితం వేరెవరైనా నింపారా, అలా చెయ్యడం నేరం, ఎవరో చెప్పగలరా అని మర్యాదగానే అడిగింది. “నో నో, సారీ” అని పెట్టేశాను. నా ఓటు సంగతి అడగాలంటే ముందు మా ఆయన్ని పట్టివ్వాలి. రాత్రికి ఆయనకి పెరుగన్నం కలిపిచ్చేదాన్ని, పగలు ఆయన మీద ఫిర్యాదు ఎలా చేస్తాను? చెయ్యలేనని ఆయనకీ తెలుసు. అసలు చెయ్యొచ్చనే ఆలోచన కూడా ఆయనకి రాదు. అందుకే అంత తేలిగ్గా టిక్కులు పెట్టారు. నా మీద నాకే అసహ్యం వేసింది. పిల్లల గదికి వెళ్తే ఆ టోంగా అమ్మాయి “నువ్వు ఓటేశావా?” అని ఆశగా అడిగింది. వేశాననే చెప్పాను.

తర్వాతి శనివారం కమ్యూనిటీ హాల్లో చర్చావేదిక. ఆయన స్టేజీ మీద, నేను వెనకాల పునుగుల ట్రేలూ టీ ఫ్లాస్కులతో. బాగా మాట్లాడారు. నేను రాసిన మాటలు ఆయన గొంతులో నాకే కొత్తగా వినిపించాయి. చివర్లో బటన్ల కథ చెప్పారు. విట్బీ ఉన్న సభలో సభ్యుల బల్లల మీద ఓటుకి బటన్లుంటాయట. ఎవరైనా బయటికెళ్తే పక్కవాళ్లు వాళ్ల బటన్ కూడా నొక్కేస్తారట. ఆవిడ దాన్ని ఆపాలని తీర్మానం పెట్టింది. “నా మంచికే నొక్కినా సరే, అది నా ఓటు కాదు, అన్నారు విట్బీ” అని మా ఆయన చెయ్యెత్తి చెప్తే జనం చప్పట్లు కొట్టారు. చదువుతున్న మనిషి మొహంలోకి పరీక్షగా చూశాను. ఎక్కడా ఏమీ తట్టలేదు. దొంగ కాదు, నటించడం లేదు. నిజంగానే ఆయనకి ఆ రెండూ ఒకటిగా కనిపించలేదు.

మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ ఆశాజ్యోతి ఆంటీ స్టేజీ ఎక్కి, ఓటేసినవాళ్లందరూ ఫొటోకి రావాలన్నారు. మనవాళ్లు బాగా ఓటేస్తున్నారని అందరికీ తెలియాలట. “నిరుపమా, ఆ టీ అక్కడ పెట్టి నువ్వూ రామ్మా. ఓటేశావుగా?”

నేను నోరు తెరిచేలోపు మైకులోంచి జవాబొచ్చింది. “వేసింది వేసింది. మా ఇంట్లో రెండూ పడిపోయాయి.”

“నేను వెయ్యలేదు ఆంటీ” అన్నాను. “నాది కూడా ఆయనే వేసేశారు.”

హాలంతా గొల్లుమంది. పక్క పేట న్యూ లిన్‌లో చిన్న కిరాణా కొట్టు నడుపుకునే నవీన నా వైపు తిరిగి “మా ఇంట్ల గూడ అంతే అక్కా, మనకు టైమెక్కడిది?” అంది. ఇంకెవరో “మా ఆయనకి నా సంతకం కూడా వచ్చు” అన్నారు. మళ్లీ నవ్వులు. అందరికంటే గట్టిగా మా ఆయన నవ్వారు. నాకూ పెదాలు విచ్చుకోబోయాయి. అలవాటు అలాంటిది. నేను కూడా నవ్వేస్తే అదొక సరదా మాటగా తేలిపోతుంది, ఇంటికెళ్లి పునుగుల మూకుడు తోముకోవచ్చు.

ఫ్లాస్కు కింద పెట్టి స్టేజీ దాకా నడిచాను. ఫొటో కోసమనుకుని ఆయన జరిగి పక్కన చోటిచ్చారు. నేను ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను.

“ఓటేసినవాళ్లలో నన్ను కలపకండి ఆంటీ. నేను సరదాకి అనలేదు. నేను పనిలో ఉంటే ఆయన నా కాగితం మీద ఆయనకి నచ్చినవాళ్లకి టిక్కులు పెట్టుకున్నారు. నేను ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు. తీసుకెళ్లి డబ్బాలో వేసేశారు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవీన తల దించుకుంది. ఓటు వెనక్కి రాదు, ఆ గది ఏమవుతుందో తెలీదు, ఇంటికెళ్లాక ఎన్ని వారాలు మాటలుండవో తెలీదు. ఆశాజ్యోతి ఆంటీ మెల్లగా “ఏంటి సాయినాథ్ ఇది?” అన్నారు.

మా ఆయన తన చేతిలో ఉన్న ప్రసంగం కాగితాల వైపు చూశారు. దీనికి జవాబు నేను వాటిలో రాసివ్వలేదు.