నాలుగో గిన్నె

తమ్ముడు పోయి రెండేళ్ళయింది. అతని నరాల కణాలు మాత్రం ప్రయోగశాలలో, ఒక గాజుగిన్నెలో, ఇంకా బతికే ఉన్నాయి. అతని చర్మం ముక్కలోని కణాలను నరాల కణాలుగా మార్చి పెంచినవవి. రోజు విడిచి రోజు వాటికి పోషకద్రవం మార్చేది అక్కడే పనిచేసే అక్కే. ఇంటికి రాగానే తల్లి అడుగుతుంది: "వాడికి పెట్టావా?" పెట్టానంటుంది అక్క. ఏం పెట్టావని తల్లి అడగదు, అడిగినా అక్క చెప్పదు.

చర్మం తీసిన రోజు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రోగి కణాలతో పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు కణాలు కావాలి మరి. "అక్కా, నీది మందం తోలు. సూది వంగిపోతుంది చూడు," అన్నాడు తమ్ముడు. అప్పటికే అతని మాట ముద్దగా వస్తోంది.

అతన్ని తిన్న జబ్బు కండరాలను కదిలించే నరాల కణాలను చంపుతుంది. ఆ కణాల మీద, నరాల మధ్య కబురు మోసే గ్లూటమేట్ అనే రసాయనం తగిలితే తెరుచుకునే ద్వారాలుంటాయి. ఒక్కో ద్వారం నాలుగు ముక్కల కూర్పు. అందులో కాపలా ముక్క సరిగ్గా అమరితే కాల్షియం లోపలికి రాలేదు. కాపలా లేని ద్వారాలు ఎక్కువైతే కాల్షియం జొరబడి కణాన్ని నిలువునా ముంచుతుంది. అది జొరబడిన చోట, ముందే వేసిన రంగు ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇంత పాడుపనికి అంత ముచ్చటైన వెలుగేమిటన్నది అక్కకు ఎన్నడూ మింగుడుపడలేదు.

గిన్నె ఎవరిదో చూసేవాళ్ళకు తెలియకూడదన్నది అక్కడి కట్టుబాటు. మూత మీద అంకె మాత్రమే ఉంటుంది. ఆ ఉదయం అక్క ఆరు గిన్నెలు చూసింది. ముగ్గురు రోగులవి, ముగ్గురు ఆరోగ్యవంతులవి. రోగులవి మూడే వెలగాలి. గ్లూటమేట్ చుక్క పడగానే నాలుగు వెలిగాయి.

ప్రయోగశాల పెద్దసారు పేర్ల జాబితా తీసి అంకెలు సరిచూశాడు.

"నాలుగోది నీదమ్మా."

"కాదు సార్. మా రెండు గిన్నెల్లోనూ తమ్ముడి కణాలే పోసుంటాను. నా చేతిపొరపాటే."

పదేళ్ళుగా పొరపాటన్న మాట వింటేనే ఒంటికాలిమీద లేచే మనిషి అక్క. ఇవాళ తానే పొరపాటు చేసి ఉండాలని వెయ్యి దేవుళ్ళకు మొక్కుకుంది. తేల్చడం తేలికే. తమ్ముడి కణాలైతే మగవాళ్ళ వై క్రోమోజోమ్ కనబడుతుంది. పరీక్ష యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆమె ఆ గిన్నె ముందే కూర్చుంది. "నువ్వే అయ్యుండరా," అని చచ్చిపోయినవాణ్ణి గొణుగుతూ బతిమాలింది.

తమ్ముడి గిన్నెలో వై గుర్తు కనబడింది. ఆమె గిన్నెలో లేదు.

"గిన్నెలో వెలిగినంత మాత్రాన మనిషికి వస్తుందని కాదు. నీకు తెలుసు," అన్నాడు పెద్దసారు.

"తెలుసు సార్."

తెలిసినా భయం ఆగలేదు. మధ్యాహ్నానికే ఇల్లు చేరింది.

"ఇంత తొందరగా వచ్చావేం?" అంది తల్లి.

"తమ్ముడికి మొట్టమొదట ఏం కనబడిందమ్మా?"

"చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. ఇప్పుడదంతా ఎందుకే?"

తల్లి ఆమె ముఖంలోకి చూసింది. పొయ్యి కట్టేసి, తడి చేతులు తుడుచుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూతురి కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"గుప్పిట మూసి తెరువు."

మూసి తెరిచింది.

"మళ్ళీ," అంది తల్లి. "నేను చాలనేదాకా ఆపకు."