ఏడో గడ్డ

శౌరయ్య నక్కవుల్లి గడ్డ చుట్టూ మట్టి తీసి, పైకి లాగకముందే దాని తూర్పు చెంపన సున్నపు బొట్టు పెట్టాడు. ఎక్కడ నాటినా ఆ బొట్టు మళ్ళీ తూర్పుకే ఉండాలి. ఇది ఫారెస్టు వాళ్ళ పద్ధతి కాదు, అతని పెళ్ళాం మేరమ్మది. మొదట్లో నవ్వాడు. తర్వాత అలవాటైపోయింది.

నక్కవుల్లి, అదే అడవి ఉల్లి, ఎండల్లో ఆకు లేకుండా పూస్తుంది, వానల్లో ఆకేస్తుంది, ఫిబ్రవరిలో పైన ఏమీ ఉండదు. ఎక్కడుందో పూసినప్పుడు చూసినవాళ్ళే చెప్పాలి. తిరువూరు అవతల ఈ గట్టు మీద మేకలు కాసింది మేరమ్మ. రేపు కాలవ తవ్వే మిషను ఇక్కడికొస్తుంది. ఈలోగా గడ్డలన్నీ నర్సరీకి చేర్చమన్నారు. శౌరయ్య నర్సరీలో రోజుకూలీ. పదకొండేళ్ళుగా రోజుకూలీయే.

నెల్లాళ్ళుగా మేరమ్మ మంచం దిగలేదు. పొద్దున్న అతను గునపం అందుకుంటుంటే, "నల్లబండ పక్కన ఏడుండాలయ్యా. ఒక్కటీ వదిలెయ్యమాక," అంది.

"వదల్లే. మాణిక్యమ్మ గంజి తెస్తానంది, తాగు."

"పెందలాడే రా."

మధ్యాహ్నానికి ఆరు దొరికాయి. గార్డు దేవానందం సైకిలు దిగి చూశాడు. "ఆరు చాల్లే శౌరయ్యా, పద."

"ఏడుండాలండి. మా ఆడది చెప్పింది."

బండ చుట్టూ మోకాలి లోతున తవ్వాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడూ దొరికాయని ఆమెతో చెప్పాలి, అంతే. నెలరోజుల్లో ఆమెకు ఒక్క మంచి కబురు మోసుకెళ్ళింది లేదు. పొద్దు వాలాక ఇక వదిలేసి, ఆరింటినీ నర్సరీలో మెడలు పైకుండేలా, బొట్లు తూర్పుకు తిప్పి నాటాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి మాణిక్యమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"మూడింటప్పుడు పోయిందన్నా. నీ కోసం అడిగింది. కబురు పంపుతానంటే, పని చెడుద్ది వద్దంది."

"ఏడోది దొరకలేదు," అన్నాడు శౌరయ్య. మాణిక్యమ్మకు అర్థం కాలేదు.

మేరమ్మను కింద పడుకోబెట్టడానికి అటక మీది చాప లాగాడు. చాపతో పాటు ఒక గడ్డ దొర్లి నేలమీద పడింది. పోయిన వేసవిలో ఎలుకల మందుకని బండ పక్కనుంచి తవ్వి తెచ్చింది మేరమ్మే. తెచ్చిన సంగతి మర్చిపోయింది. మధ్యాహ్నమంతా ఊరికే తవ్వానే అనిపించింది శౌరయ్యకు. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. చాప పరిచాడు.

గడ్డ మంచం కోడు దగ్గర ఆగింది. మందుకని తవ్విన దాని చెంపన కూడా, ఎండి పెచ్చులూడిన సున్నపు బొట్టు, మేరమ్మ వేలి కొసంత.