హైమ కొన్న మాగ్నమ్

ముసలి దుకాణదారు గాజుబల్ల మీద ఎర్రగుడ్డ పరిచి మూడు రివాల్వర్లు పెట్టాడు. హైమ వాటిని చూసింది, తలుపు వంక చూసింది, మళ్లీ వాటినే చూసింది. హైదరాబాదు నడిబజారులో, అంతమంది మధ్య కూర్చున్నా వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంది ఆమెకి. ఆరు నెలలుగా ఇదే వరస.

ఆరు నెలల కిందట ఒక మిట్టమధ్యాహ్నం, దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న ఆమె మామిడితోటకి ఎవరో ఇద్దరు వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. "సారు పోయినంక ఒక్కదానివే ఉంటున్నవా?" అని అడిగారు. "మళ్లొస్తం" అని లేచి వెళ్లిపోయారు. జరిగింది అంతే. కానీ భర్త వెంకటనారాయణ గుండెపోటుతో పోయిన రోజున కూడా అంత భయపడలేదు హైమ. తోట అమ్మేసి తాముండే వేంసూరు వచ్చేయమన్నాడు మరిది వెంకటరామారావు. ప్రతి చెట్టుకీ తన చేత్తో నీళ్లు పోసి పెంచిన తోట! చస్తే అందులోనే చస్తాను గానీ కదలనంది. కదలకుండా, భయం లేకుండా అక్కడ బతకాలి. అందుకే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి లైసెన్సు తెచ్చుకుంది.

"మొదటి తుపాకా అమ్మా?" అన్నాడు దుకాణదారు. "గట్లయితే గీ చిన్నది తీస్కో. పట్టనీకి తేలిక."

"ఆ పెద్దది?"

"అది మాగ్నమ్. ఫారిన్ మాల్. తూటాల మందెక్కువ. దెబ్బ గట్టిది, ఎదురు తన్నుడు గూడ గట్టిదే. మొదటిది కొనేటప్పుడు చేతిని చూసి కొనాలె గని, భయాన్ని చూసి కొనొద్దమ్మా."

హైమ చిన్నదాని వైపే చెయ్యి చాచింది. అప్పుడే తోడు వచ్చిన మరిదికి నోరు దురద పుట్టింది. "అదే నయం వదినా, పెద్దదాన్ని మీరు ఎత్తను కూడా ఎత్తలేరు" అని నవ్వాడు. కొందరు మగవాళ్లకి ఎక్కడ నవ్వకూడదో చచ్చేదాకా తెలియదు. చాచిన చెయ్యి పక్కకి జరిగి మాగ్నమ్‌ను ఎత్తింది. మణికట్టు వంగిపోతున్నా పళ్లు బిగించి, "ఇదే కట్టండి" అంది.

తిరుగు బస్సులో సంచీ ఒళ్లో పెట్టుకుని కునుకు తీయలేదు. ఇంటికొచ్చాక ఇంకో గోల మొదలైంది. పొద్దున బియ్యం డబ్బాలో దాచింది. అవసరానికి అందదేమోనని పరుపు కిందికి మార్చింది. అక్కడా మనసొప్పక దేవుడి గూటి వెనక పెట్టింది. సాయంత్రానికి మళ్లీ పరుపు కిందికే చేరింది. ధైర్యం కోసం తెచ్చుకున్న వస్తువుకి కాపలా కాయడమే పనైపోయింది.

రెండోనాడు తోటలో తాటిమొద్దుకి గురిపెట్టి ఒక్కసారి కాల్చి చూసింది. చెయ్యి నెత్తిమీదికి లేచింది, చెవులు గింగురుమన్నాయి, మొద్దుకి మాత్రం ఏమీ కాలేదు. ఆ చప్పుడు వాగు అవతలి తండాదాకా వెళ్లింది. సాయంత్రం తండా నుంచి దస్రు వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు.

"పంది గిట్ల పడ్డదా అమ్మా?"

"లేదు దస్రూ, ఊరికే కాల్చి చూశా."

"అట్లనా" అని వెళ్లిపోయాడు.

దస్రు భార్య రుక్మిణి పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో గేదెల్ని పితుకుతోంది. తెల్లవారుతుండగా వస్తుంది. కొట్టం తడికకి తాళం లేదు, తీగ మెలిక ఒక్కటే. అది విప్పుకుని లోపలికొచ్చి, పాలు పితికి, వంటింటి గడప మీద తపేలా పెట్టి, టీ తాగి వెళ్తుంది. వస్తున్నానని ఏనాడూ పిలిచి చెప్పలేదు. సొంతింటికి వచ్చేవాళ్లు పిలుస్తారా?

మూడోనాడు మసక వెలుతురులో తీగ కిర్రుమంది. మళ్లొస్తామన్న వాళ్లు వచ్చేశారనుకుంది హైమ. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పరుపు కింద చెయ్యి పెట్టిందో ఆమెకే తెలియదు. కిటికీ పక్కన నిలబడి రెండు చేతులా రివాల్వరు ఎత్తింది. కొట్టంలో ఒక ఆకారం కదిలింది. ట్రిగ్గరు మీద వేలు బిగిసింది. అప్పుడు గాజులు గలగలమన్నాయి. మోచేతుల పైదాకా ఉండే రుక్మిణి తెల్లగాజులు.

హైమ గోడకి చేరగిలబడి కూలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రుక్మిణి చూడలేదనే అనుకుంది. ఆమె మామూలుగానే పాలు పితికి, తపేలా పెట్టి వెళ్లింది. టీ తాగలేదు, అంతే.

మర్నాడు తీగ కిర్రుమనలేదు. తడిక అవతల నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మా, నేను, రుక్మిణిని."

మూడుసార్లు పిలిచింది. హైమ బయటికొచ్చి చేత్తో రమ్మన్నాకే అడుగు లోపల పెట్టింది.

"ఏంటే, పదిహేనేళ్లలో లేనిది ఈ పిలుపులు?"

"ఏం లేదమ్మా. పిలిచి వస్తే మంచిగుంటదని."

"నిన్న చూశావా?"

రుక్మిణి గేదె మెడ నిమిరింది.

"అవ్. కిటికీల నీ మొఖం చూసిన. నన్ను గుర్తు పట్టలే నువ్వు."

"నిన్ను కాలుస్తానా నేను? పిచ్చిదానా!"

"నన్నయితే కాల్చవు. గని నేనని నీకు ఎరుక గావాలె గద అమ్మా."

పగలంతా హైమ కాలుగాలిన పిల్లిలా తోటలో తిరిగింది. మళ్లొస్తామన్న వాళ్లు ఆరు నెలల్లో ఒక్కసారీ రాలేదు. రోజూ వచ్చే ఒక్క మనిషినీ తనే కంచె అవతల నిలబెట్టింది. సిగ్గుతో కళ్లనీళ్లు తిరిగాయి. పొద్దువాలకముందే రివాల్వరు సంచీలో వేసుకుని పోలీసుస్టేషనుకి వెళ్లి అప్పజెప్పి రసీదు తీసుకుంది. "అంత కష్టపడి తెచ్చుకున్నారు, ఏమైందమ్మా?" అన్నాడు ఎస్సై.

"చేతికి నప్పలేదండి" అంది.

భయం పోయిందా అంటే పోలేదు. రాత్రి ఆకు కదిలినా లేచి కూర్చుంది. తెల్లవారకముందే పాలు పితికే పీట తెచ్చుకుని, తడిక బార్లా తీసి, దారికెదురుగా కూర్చుంది. రుక్మిణి వాగు దాటి వస్తూ ఆమెను చూసింది. పది అడుగుల దూరంలో ఆగిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు, వెలుతురు వచ్చేసింది, ముఖాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"అమ్మా, నేను, రుక్మిణిని."

హైమ పీట మీంచి లేచింది. రెండు అరచేతులూ ముందుకి చాపింది.

"నేనే, రుక్మిణీ, హైమని. చేతుల్లో ఏమీ లేదు."