సుద్దగీతల కారు

మా ఆఫీసులో నన్ను వెనకాల "కుదరదు మేడమ్" అంటారు. ఆ సంగతి నాకు తెలియదని వాళ్ళ నమ్మకం. బ్యాంకులో కారు లోన్ల సీట్లో కూర్చున్నప్పటి నుంచి ఎందరి ఆశల మీద నీళ్ళు చల్లానో నాకే గుర్తులేదు. జీతం చూస్తాను, ఇదివరకటి అప్పులు చూస్తాను, ఒకసారి మొహం కూడా చూసి, కుదరదంటాను. వాళ్ళలో కొందరు తర్వాత ఎక్కడో కనబడి మంచిపని చేశారు మేడమ్ అన్నారు. కొందరు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. రెంటికీ నేను పెద్దగా చలించలేదు.

అలాంటి నేను మా అన్నయ్య కూతురి విషయంలో మాత్రం ఎలాగైనా కుదిరితే బాగుండునని కోరుకున్నాను.

దాన్ని మేం ఎందుకమ్మ అంటాం. మాటలు వచ్చినప్పటి నుంచీ అది ఎందుకని అడగని విషయం లేదు. చిన్నప్పుడు, అత్తకి మీసాలు ఎందుకు లేవు, తాతయ్యకి ఎందుకున్నాయి అని అడిగి నలుగురిలో మా పరువు తీసింది. ఇప్పుడు ఫిజియోథెరపీ చదువుతోంది. అన్నయ్యది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి, కాలేజీలో చేరినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. అది రాకముందు అమ్మా నేనూ రోజుకి నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళం. అందులో రెండు గ్యాస్ గురించే. అదొచ్చాక ఇంట్లో రేడియో పెట్టడం మానేశాం, అవసరం లేకపోయింది.

ఈ ఏడాది చిక్కు ఎక్కడొచ్చిందంటే, దానికి ఆసుపత్రిలో శిక్షణ పొద్దున్నే మొదలవుతుంది. అది అయ్యాక కాలేజీ. ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. రెండోది వచ్చినా ఆగదు. అక్కడ శిక్షణ చూసే పెద్ద మేడమ్ ఆలస్యాన్ని అస్సలు సహించదు. ఇంకొకసారి ఆలస్యమైతే పేరు కొట్టేస్తానని చెప్పేసిందట. పేరు కొట్టేస్తే ఏడాదంతా మళ్ళీ చదవాలి. అంతకన్నా దాన్ని బాధ పెడుతున్నది వేరే ఉంది. చెయ్యి పట్టు తప్పిన ఒక దర్జీకి రోజూ వ్యాయామం చేయించేది ఇదే. ఇది వెళ్ళేదాకా ఆయన ఒళ్ళో చెయ్యి పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంటాడట.

అన్నయ్య ఫోన్ చేసి, ఆసుపత్రి పక్కన ఏదైనా గది చూడమన్నాడు. అక్కడ గదులు దొరకవన్నాను. నేను చూసి చెప్పలేదు. ఆఫీసులో కుదరదన్నంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది. ఆ వెంటనే, కారు కొందామన్నాను.

ఫోన్లో అన్నయ్య, ఎదురుగా అమ్మా, పక్కన ఎందుకమ్మా ముగ్గురూ ఒక్కసారే నోరు వెళ్ళబెట్టారు. ముందు తేరుకున్నది అమ్మ. ముందు సీటు తనదేనంది.

స్కూటర్ సంగతి ఎవరూ ఎత్తలేదు, కుర్రతనంలో స్కూటర్ మీంచి పడి అన్నయ్య కాలు ఇప్పటికీ సరిగ్గా వంగదు కాబట్టి. పాత కారు ఎందుకు కొనకూడదని ఎందుకమ్మ అడిగింది. వాయిదాలు కట్టనివాళ్ళ దగ్గర్నుంచి తెచ్చి మా ఆఫీసు వెనక వరసగా నిలబెట్టిన పాత కార్లన్నీ రోజూ చూసేదాన్ని నేను. ఒక్కో దానికీ ఒక్కో కథ ఉంటుంది, అన్నీ రిపేరు షాపు దగ్గరే ముగుస్తాయని చెప్పాను. కొంటే కొత్తదే. దానికి స్కాలర్‌షిప్ వస్తుంది. సెలవు రోజుల్లో ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పి కొంత సంపాదిస్తుంది. అన్నయ్య నెలనెలా పంపేది ఉంది. హామీ సంతకం నాది. లెక్క వేసి చూపించాను.

అది కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. "పెట్రోలు ఇంత తక్కువెందుకత్తా?" అంది. నువ్వు నెమ్మదిగా నడుపుతావు కదా అన్నాను. "మరి సర్వీసింగ్ ఏదీ?" కొత్త కారుకి సర్వీసింగ్ ఏమిటే అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి అబద్ధపు లెక్కలు తెచ్చినవాళ్ళని నేను కుర్చీలో కూర్చోనిచ్చేదాన్ని కాదు.

"అసలు నాకు కారుండాలని నీకెందుకంత పట్టుదల?" అని అడిగింది చివరికి. కొత్త కార్లకి వడ్డీ తగ్గిందన్నాను. నా వంక కాసేపు చూసి ఊరుకుంది. అది ఊరుకుందంటే జవాబు నమ్మలేదని అర్థం.

నా దగ్గర కారు లోనుకి వచ్చే కుర్రాళ్ళకి నేనొక మాట చెబుతుంటాను. కొనే ముందు కొన్ని నెలలు కారు ఉన్నట్టే బతికి చూడండి, వాయిదా పక్కన పెట్టండి, పెట్రోలు డబ్బు పక్కన పెట్టండి, తర్వాత రండి అని. ఇంతవరకూ ఒక్కరూ చెయ్యలేదు, నవ్వి వెళ్ళిపోయారు. ఎందుకమ్మ మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మర్నాడే పాత బిస్కెట్ల డబ్బా కడిగి తుడిచి, మొదటి నెల వాయిదా అందులో వేసింది. సర్వీసింగ్‌కీ, ఇన్సూరెన్స్‌కీ నేను వదిలేసినవన్నీ తనే చేర్చుకుని వేసింది.

అంతటితో ఊరుకుంటే అది ఎందుకమ్మ ఎలా అవుతుంది. షోరూమ్ నుంచి కాగితం తెచ్చి, టేపు పెట్టి కొలిచి, గేటుకీ మెట్లకీ మధ్య సిమెంటు నేల మీద సుద్దముక్కతో కారు గీసింది. పొడవు, వెడల్పు సరిగ్గా కారంత. తలుపులు తెరిస్తే ఎంతదాకా వస్తాయో చుక్కలు కూడా పెట్టింది. ఒక పక్క అమ్మ పూలకుండీలు అడ్డొచ్చాయి. అమ్మ వాటిని మా పడగ్గది కిటికీ కిందికి తనే జరుపుకుంది. నేను సాయం చేస్తానంటే, నీ చెయ్యి పడితే మొక్కలు ఎండిపోతాయంది.

మొదట్లో నవ్వులాటగానే ఉండేది. వారం తిరక్కుండానే ముగ్గురం ఆ గీతల మీంచి నడవడం మానేశాం. గేటు తీసి, బానెట్ పక్కనుంచి ఒద్దిగ్గా తిరిగి మెట్లెక్కేవాళ్ళం. పార్శిల్ తెచ్చినతను అడ్డంగా నడిచొస్తే, కారులోంచి నడిచొస్తావేమయ్యా అని అమ్మ కేకలేసింది. అతను కిందకి చూసుకుని, పైకి చూసి, సారీ చెప్పాడు పాపం. ఒకరోజు ఎందుకమ్మ సినిమాకి డబ్బులు తీసుకోబోతే, పొద్దున నీ కారు టైరు పంక్చరయింది, నేను చూశాను అని అమ్మ ఆ డబ్బు డబ్బాలో వేయించింది. సుద్ద చెరిగినప్పుడల్లా ఎందుకమ్మ మళ్ళీ గీసేది. అది మర్చిపోతే నేను గీసేదాన్ని. ఆఫీసు నుంచి వచ్చి గేటు తీసేసరికి ఆ గీతలు కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. కారుంటే ఇది ఎక్కడికీ వెళ్ళదు. పొద్దున వెళ్ళినా సాయంత్రానికి ఈ గీతల మధ్యకి రావాల్సిందే. నేను లెక్కలు వేసిందంతా దీని కోసమేనని నాకు తెలుసు, పైకి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ నెలల్లో ఆలస్యం కాకూడదని పిల్ల చీకటుండగానే లేచి మొదటి బస్సు కోసం నిలబడేది. బస్సు రాకపోతే ఆటోలో పరుగెత్తేది, ఆ డబ్బు డబ్బాలోంచే పోయేది. అలా పోయినా వాయిదా ఒక్క నెల కూడా తప్పలేదు. కొత్త బట్టలు లేవు, కళ్ళ చుట్టూ నల్లబడింది, అయినా డబ్బా నిండుతోంది. డబ్బా ఊపి చూసుకుని, కుదిరేట్టుందే అన్నాను. నా నోటినుంచి ఆ మాట వినడం అమ్మకి అదే మొదటిసారట.

"డబ్బు కారున్నట్టే కడుతున్నాం. మరి వెళ్ళడం కూడా కారున్నట్టే వెళ్ళి చూడొద్దా?" అంది ఎందుకమ్మ.

అప్పటికే డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంటోంది. తనకి శిక్షణ లేని ఒకరోజు చూసుకుని, రోజూ వెళ్ళే వేళకే ఆసుపత్రి దాకా నడిపించమని డ్రైవింగ్ మాస్టారిని ఒప్పించింది. నేను వెనక సీట్లో ఎక్కాను. మాస్టారికి బ్రేకు మీద కాలు, ముందు రోడ్డు మీద కళ్ళు, నోటి నిండా పాత పాటలు. ఎందుకమ్మ బాగానే నడిపింది. దారిలో రెండో బస్సుని దాటాం. దాంట్లో వేలాడుతున్నవాళ్ళని చూసి నాకు లోపల్లోపల ఒకటే సంబరం. ఆసుపత్రి గేటు ముందుకి వచ్చేసరికి ఇంకా బోలెడు సమయం ఉంది. చూశావా అన్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యడ్డం పెట్టాడు. లోపల డాక్టర్లకీ, పేషెంట్లకీ మాత్రమేనట. విద్యార్థులకి వెనక వైపు. వెనక వైపుకి తిరిగి వెళ్ళాం. అక్కడ కారు పెట్టే చోటు లేదు. ఇంకాస్త ముందుకెళ్తే మార్కెట్ వెనక పెద్ద పార్కింగ్ ఉందన్నారు. అక్కడ క్యూ ఉంది. కారు పెట్టి, చీటీ తీసుకుని, ఇద్దరం గబగబా నడిచి ఆసుపత్రి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల శిక్షణ మొదలైపోయింది. అద్దంలోంచి దర్జీ కనిపించాడు. ఆ రోజు వేరే అమ్మాయి ఆయన వేళ్ళు వంచుతోంది.

ఇన్నేళ్ళూ కట్టగలరా లేదా అనే చూశానుగానీ, కొన్న కారు ఎక్కడ పెడతారని ఒక్కరినీ అడగలేదు. నేను పార్కింగ్ చీటీ మడిచి విప్పుతూ నిలబడ్డాను. దానికి మాత్రం ఏమీ అయినట్టు లేదు. అటూ ఇటూ చూస్తోంది.

"మరి ఇక్కడ పనిచేసేవాళ్ళందరూ ఎక్కడ పెడతారు?" అంది.

అప్పుడే డ్యూటీ దిగిన ఇద్దరు నర్సులు చెప్పులు ఈడ్చుకుంటూ రోడ్డు దాటి ఎదురు సందులోకి వెళ్తున్నారు. ఎందుకమ్మ వాళ్ళ వెనకే నడిచింది, నేను దాని వెనక. సందు చిన్నదే. వరండాల్లో తెల్ల యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. మూడో మేడ గేటుకి ఒక అట్ట కట్టి ఉంది: ఆడపిల్లలకు గది అద్దెకు ఇవ్వబడును.

అది నేనే ముందు చూశాను. ఎందుకమ్మ ఇంకా ఆ యూనిఫాంలు చూస్తోంది. ఒక్క క్షణం, పద వెళ్దాం, మాస్టారు ఎదురు చూస్తుంటారు అని దాని భుజం పట్టుకుని వెనక్కి తిప్పబోయాను. చెయ్యి వేశాను కూడా. దాని భుజం ఎముక చేతికి తగిలింది. ఈ నెలల్లో ఇంత చిక్కిపోయిందా అనుకున్నాను. రోజూ ఎదురుగా కూర్చుని తింటున్నా నేను చూడలేదు.

భుజం వదలకుండానే, "అటు చూడు," అన్నాను.

అది చదివింది. నా వైపు తిరిగింది. అక్కడ గదులు దొరకవన్నావు కదా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇంటావిడతో మాట్లాడితే, అద్దె దాదాపు మా కారు వాయిదా అంతే. అక్కడి నుంచి కాలేజీకి కాలేజీ బస్సే ఉందట. వచ్చే దారంతా వెనక సీట్లో నాకు మాస్టారి పాటలు ఒక్కటీ చెవికెక్కలేదు.

ఆ సాయంత్రం అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. కారు కుదరదన్నాను.

వెళ్ళే రోజు సామాను కోసం చిన్న వ్యాన్ మాట్లాడాం. పరుపు, పుస్తకాల పెట్టె, బల్ల, బిస్కెట్ల డబ్బా. వ్యాన్ వెనక్కి వస్తుంటే అమ్మ మెట్ల మీద నిలబడి, కొంచెం ఎడమకి, ఇంకొంచెం, గీత దాటకు అంటూ చెయ్యి ఊపింది. ఏ గీతమ్మా అన్నాడు డ్రైవరు. అయినా చెప్పినట్టే చేశాడు. వ్యాన్ సరిగ్గా ఆ సుద్దగీతల మధ్యకి వచ్చి ఆగింది. చుక్కలు పెట్టినంత దాకా తలుపులు తెరుచుకున్నాయి. ఇన్నాళ్ళూ మేం చుట్టూ తిరిగి నడిచిన చోటికి మొదటిసారి ఒక బండి వచ్చింది, పిల్లని తీసుకెళ్ళడానికి.

సామాను ఎక్కించాక, గది చూడాలని అమ్మ వెళ్ళి ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. తిరిగి వ్యాన్‌లోనే ఇంటి దగ్గర దింపమని డ్రైవరుతో మాట కూడా తీసుకుంది. ఎందుకమ్మ వెనక పరుపు మీద ఎక్కింది. నాకు చోటు లేదు. తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూస్తున్నాను, చూసిందే చూస్తున్నాను.

"ఎందుకత్తా ఏడుస్తున్నావు?" అంది అది పైనుంచి.

దుమ్ము పడిందని నోటిదాకా వచ్చింది. "నువ్వు వెళ్ళిపోతున్నావని," అన్నాను. "కారు కొందామన్నది కూడా అందుకే. నువ్వు మా ఇంట్లోనే ఉండాలని."

అది ఒక్క దూకు దూకి కిందికి దిగి నన్ను గట్టిగా పట్టుకుంది. "ఈ జవాబు ఆ రోజే చెప్పి ఉంటే నేను బస్సుల్లోనే చచ్చేదాన్ని కదత్తా," అంది నా మెడ మీద. అందుకే చెప్పలేదేమోననిపించింది నాకు. నిజంగా అందుకే చెప్పకుండా ఉండేంత మంచిదాన్నైతే బాగుండును.

"సెలవు రోజు వస్తాను," అంది కళ్ళు తుడుచుకుని. ఎలా వస్తావన్నాను. "బస్సులో. ఆ రోజు ఆలస్యమైనా నువ్వు పేరు కొట్టెయ్యవుగా."

అమ్మ ముందు సీట్లోంచి హారన్ కొట్టించింది. వ్యాన్ సందు చివర మలుపు తిరిగేదాకా చూసి గేటు వేశాను. నేల మీద గీతలు టైర్ల కింద సగం చెరిగాయి. వాటి పక్కనుంచే తిరిగి మెట్లెక్కాను.